తలంబ్రాలకు ఎన్ని క్యూసెక్కులు?



జగ్గయ్యపేట నుంచి తరలివెళ్ళిన రాతి పలక ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ ఊరి పక్కనున్న ధనంబోడును తవ్వించినప్పుడు ఒక బౌద్ధ స్తూపం బయటపడింది. ఆ స్తూపం శిల్పాల్లో అదొకటి. పలక మధ్యలో చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. చుట్టూ రాణి, కుమారుడు, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. పైన మేఘం. ఆ మేఘంలోంచి నాణేల వాన కురుస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో నలుచదరపు నాణేలు చెలామణిలో ఉండేవి కాబట్టి శిల్పి వాటిని చదరాలుగానే చెక్కాడు.

రెండు వేల ఏళ్ళు గడిచాయి. అదే పేటలో ఇప్పుడు మాఘమాసం వచ్చిందంటే కల్యాణ మండపాల్లో మరో వాన కురుస్తుంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు దోసిళ్ళతో పోటాపోటీగా తలంబ్రాలు పోసుకుంటూ ఉంటారు. పసుపు బియ్యం, మధ్యలో రంగురంగుల పూసలు, వెనక మిణుకుమనే దీపాల తోరణాలు. డల్లాస్‌లో ఉన్న మేనత్త యూట్యూబ్ లైవ్ పెట్టుకుని ఫోన్లో కళ్ళప్పగించి చూస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే ఆమెకు బియ్యం గింజలు కనిపించవు, చదరాలు కనిపిస్తాయి. పెళ్ళికూతురి ముఖం కూడా గళ్ళ దుప్పటిలా అయిపోతుంది. అర నిమిషం తర్వాత అందరూ కుదురుగా కూర్చోగానే బొమ్మ మళ్ళీ తేటపడుతుంది.

మర్నాడు స్టూడియో అబ్బాయికి ఫోను వెళుతుంది. "ఏం బాబూ, 4కే కెమెరా అన్నావు గదా?" "4కే కెమెరాయేనండీ, నెట్టే స్లోగా ఉంది." ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. అయితే బొమ్మ బాగుండడానికి రెండు సంగతులు కలవాలి. అందులో ఒకదాని పేరు ఊరందరికీ తెలుసు, రెండోదాని పేరు ఎవరూ ఎత్తరు. అందరికీ తెలిసింది రిజల్యూషన్. ఎవరూ అడగనిది బిట్‌రేట్.

ఈ రెండింటి సంబంధం నందిగామ, జగ్గయ్యపేట రైతుకు అర్థం కావడానికి కంప్యూటరు అక్కర్లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చాలు. ఆ కాలువ మూడో జోన్ చివరి భూముల్లో బతికేవాళ్ళకు ఆయకట్టు అంటే ఏమిటో, కాలువలోకి నీళ్ళు ఎన్ని వదిలారన్నది ఏమిటో విడివిడిగా తెలుసు. కాగితం మీద ఎన్ని వేల ఎకరాలైనా రాసుకోవచ్చు. తూము దగ్గర ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయన్నదే పంట సంగతి తేలుస్తుంది. వీడియోలో రిజల్యూషన్ అంటే ఆయకట్టు. తెర మీద ఎన్ని చుక్కలున్నాయి, ఎన్ని పిక్సెళ్ళను తడపాలి అన్న లెక్క. బిట్‌రేట్ అంటే కాలువ పారుదల. ఒక్క సెకనుకు ఎంత సమాచారం వదులుతున్నామన్న లెక్క. మరి ఫైల్ సైజు? అది టీఎంసీ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అయినట్టే, బిట్‌రేట్‌ను సెకన్లతో గుణిస్తే ఫైల్ సైజు వస్తుంది.

లెక్క వేసి చూడడం తేలిక. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వీడియో రాస్తే సెకనుకు ఒక మెగాబైటు అవుతుంది. నిమిషానికి 60 మెగాబైట్లు, గంటకు 3.6 గిగాబైట్లు. ఈ గుణకారంలో రిజల్యూషన్ అన్న మాట ఎక్కడా రాలేదు. 8 మెగాబిట్లకు కట్టిన ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు 3.6 జీబీ. 8 మెగాబిట్లకే కట్టిన 4కే వీడియో కూడా గంటకు 3.6 జీబీ. రెండు ఫైళ్ళూ ఒకే బరువు. తేడా ఎక్కడంటే, ఫుల్ హెచ్‌డీలో 20,73,600 చుక్కలుంటే 4కేలో 82,94,400 ఉంటాయి. ఎకరాలు నాలుగింతలయ్యాయి, నీళ్ళు అవే. ఒక్కో చుక్కకు వచ్చే వాటా నాలుగో వంతుకు పడిపోయింది. అందుకే యూట్యూబ్ తనకు వీడియోలు పంపేవాళ్ళకు మామూలు వేగంలో ఫుల్ హెచ్‌డీకి 8 మెగాబిట్లు పెట్టమని, 4కేకి మాత్రం 35 నుంచి 45 దాకా పెట్టమని సలహా ఇస్తుంది.

'బిట్' అన్న మాట పెద్ద పాతదేమీ కాదు. అమెరికాలో క్లాడ్ షానన్ 1948లో సమాచారాన్ని కొలిచే గణిత సిద్ధాంతాన్ని ప్రకటిస్తూ ఆ మాటను అచ్చులోకి తెచ్చాడు.  

అసలు వీడియోను కుదించడం ఎందుకు, ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఉన్నదున్నట్టు దాచాలంటే ఫుల్ హెచ్‌డీలో ఒక్కో చుక్కకు మూడు బైట్లు కావాలి. ఒక్క ఫ్రేముకే 62 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేములు. అంటే సెకనుకు 155 మెగాబైట్లు, గంటకు 560 గిగాబైట్లు. ముహూర్తం, వ్రతం, అప్పగింతలు కలిపి నాలుగు గంటల పెళ్ళికి రెండు టెరాబైట్లు దాటిపోతుంది. దాన్ని గంటకు 3.6 జీబీలోకి దించడమంటే నూట యాభై ఐదు బస్తాల సరుకును ఒక్క బస్తాలో కూరడం. ఆ పని చేసే యంత్రాంగానికే కోడెక్ అని పేరు. అది వాడే ఉపాయాల్లో మూడు ముఖ్యమైనవి.

మొదటిది కిరాణా కొట్టు ఉపాయం. ఖాతా పుస్తకంలో పై వరసలో రాసిందే కింద కూడా రావాలంటే షావుకారు మళ్ళీ రాయడు, డిటో గుర్తు పెడతాడు. కోడెక్ కూడా ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకుని, తర్వాతి ఫ్రేముల్లో కదిలినవి, మారినవి మాత్రమే రాస్తుంది. పురోహితుడు మంత్రం చదువుతుంటే పెదవులు, చెయ్యి కదులుతాయి. వెనకున్న పూల గోడ ఎక్కడికీ పోదు. అక్కడంతా డిటోలే.

రెండోది కంటి బలహీనతను వాడుకోవడం. మనిషి కన్ను వెలుగునీడల్లో తేడాను పట్టినంత బాగా రంగుల్లో తేడాను పట్టదు. అందుకని మామూలు వీడియోల్లో వెలుగుకు 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలుంటే, రంగుకు అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే ఉంచుతారు. అంటే నాలుగో వంతు. చాలా దృశ్యాల్లో ఈ కోత ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి, మార్చిల్లో చందర్లపాడు, వత్సవాయి వైపు మిరప కల్లాలను డ్రోన్‌తో తీసినప్పుడు మాత్రం బయటపడుతుంది. ఎరుపులో వెలుగు పాలు తక్కువ, రంగు పాలు ఎక్కువ. కాయకూ కాయకూ మధ్య తేడాలో చాలా భాగం ఆ కోసేసిన రంగు దగ్గరే ఉంటుంది. కింద నిలబడి చూసే రైతుకు ఏ కాయ తాలో ఏ కాయ మేలో ఇట్టే తెలుస్తుంది. వీడియోలో మాత్రం కల్లమంతా ఎర్ర తివాచీ పరిచినట్టు కనిపిస్తుంది.

మూడో ఉపాయంలో తెలుగువాళ్ళకు పరిచితంగా వినిపించే ఒక పేరుంది. బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో నెమ్మదిగా మారే ఛాయలనూ గబగబా మారే సన్నని వివరాలనూ వేరుచేసి, కన్ను గమనించని సన్నని వాటిని తగ్గించి రాసే గణిత పద్ధతి ఒకటుంది. దాన్ని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. 1974 జనవరిలో దాన్ని ప్రకటించిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి. బెంగళూరులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడు కె.ఆర్. రావు. ఆ మూడో పేరును విప్పితే కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకుని వెళ్ళిన మనిషి. 2021 జనవరిలో కన్నుమూశారు. ఈ ఆలోచన మీద పని చేయడానికి నిధులివ్వమని నాసిర్ అహ్మద్ 1972లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే, మరీ తేలికగా ఉందన్న అభిప్రాయంతో వాళ్ళు ఇవ్వలేదు. ఆ తేలికైన లెక్కే తర్వాత ఫొటోల జేపెగ్‌లోకి, వీసీడీ, డీవీడీల్లోకి, కొద్దిగా రూపం మార్చుకుని ఫోన్ వీడియోల్లోకి చేరింది.

డల్లాస్ మేనత్తకు కనిపించిన చదరాలు ఆ కోతవే. బిట్లు సరిపడా ఉన్నంతసేపూ చదరానికీ చదరానికీ మధ్య గట్లు కనపడవు. బిట్లు కరువైనప్పుడు కోడెక్ ఒక్కో చదరంలో వివరాలన్నీ వదిలేసి ఒకే ఛాయ పులిమేస్తుంది. అప్పుడు గట్లు తేలతాయి. తలంబ్రాల దగ్గరే ఇలా ఎందుకు జరుగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వేల గింజలు, ఒక్కోటి ఒక్కో దారిన పడుతుంది. ఏ ఫ్రేమూ దాని ముందు ఫ్రేములా ఉండదు. షావుకారుకు డిటో పెట్టే అవకాశమే లేదు, ప్రతి వరసా కొత్తగా రాయాల్సిందే. పురోహితుడి మంత్రం ఆరుతడి పంట అయితే తలంబ్రాలు వరి నాట్లు. ఒకే పొలం, ఒకే కాలువ. నీటి అవసరం మాత్రం ఒక్కసారిగా పెరిగిపోతుంది. అవసరాన్ని బట్టి పారుదల పెంచుతూ తగ్గిస్తూ పోయే పద్ధతి ఉంది, దాన్ని వేరియబుల్ బిట్‌రేట్ అంటారు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే వీడియోకు అది బాగా పనికొస్తుంది. లైవ్‌లో అంత వెసులుబాటు ఉండదు. తూము ఎంతో పారుదల అంతే.

ఇదే కష్టం ఏట్లో నీళ్ళకూ ఉంది. 2023 జులై చివర్లో ఐతవరం దగ్గర మున్నేరు పొంగి జాతీయ రహదారి మీద పారింది. హైదరాబాద్, విజయవాడల మధ్య వాహనాలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ వరద. ఈసారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. రెండుసార్లూ వందల వీడియోలు ఊళ్ళు దాటాయి. గట్టు మీద నిలబడి తీసినవాడి ఫోన్లో కొట్టుకుపోతున్న కొమ్మలు, కొలతబద్ద మీద అంకెలు స్పష్టంగా ఉంటాయి. అదే వీడియో పెనుగంచిప్రోలు నుంచి హైదరాబాద్ బంధువుల దాకా చేరేసరికి గోధుమరంగు ముద్ద. సుడులు తిరిగే నీళ్ళలో ఏ అలా మరో అలలా ఉండదు కాబట్టి కోడెక్‌కు వరద నీళ్ళంటే హడల్.

దానికి తోడు వాట్సాప్ లెక్క. చాలా ఏళ్ళపాటు అందులో మామూలుగా పంపే వీడియోకు 16 ఎంబీ హద్దు ఉండేది. మూడు నిమిషాల వరద వీడియోను అందులో ఇమిడ్చితే ఏమవుతుంది? 16 మెగాబైట్లు అంటే 128 మెగాబిట్లు. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. సెకనుకు 0.7 మెగాబిట్. ఇరవై ఏళ్ళ కిందటి పెళ్ళి వీసీడీకి కూడా ఇంతకన్నా ఎక్కువే దక్కేది. పైగా ఎవరో దాన్ని స్టేటస్‌లో పెడతారు, ఇంకెవరో దించుకుని మీద పేర్లు అతికిస్తారు, మరొకరు తెర మీద ఆడుతుంటే ఇంకో ఫోనుతో తీస్తారు. కుదించినదాన్నే మళ్ళీ కుదించడం జిరాక్సుకు జిరాక్సు తీయడం లాంటిది. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. వాట్సాప్ 2023లో హెచ్‌డీ అన్న ఎంపిక ఇచ్చింది. ఇంకా మేలైన దారి, వీడియోను 'డాక్యుమెంట్'గా పంపడం. అలా పంపితే అది ఫైలును ముట్టుకోదు, ఉన్నదున్నట్టే చేరుస్తుంది. ఏ వంతెన దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో అధికారులకు చూపించాలంటే ఆ దారే మంచిది.

వీసీడీ మాట వచ్చింది కాబట్టి ఈ ప్రాంతపు పెళ్ళి బీరువాల్లోకి ఒకసారి తొంగి చూడవచ్చు. అట్టడుగున వీహెచ్ఎస్ క్యాసెట్, బూజు పట్టి ఉంటుంది. దాని మీద రెండో మూడో వీసీడీలు. అడ్డం 352, నిలువు 288 చుక్కలు, బొమ్మకు సెకనుకు 1.15 మెగాబిట్లు. శబ్దంతో కలిపి గంటకు సుమారు 620 ఎంబీ. అందుకే ఒక సీడీలో గంటంపావు మాత్రమే పట్టేది, జీలకర్రబెల్లం ఒక సీడీలో, అప్పగింతలు ఇంకో సీడీలో ఉండేవి. దాని పైన డీవీడీ. 720 అడ్డం, 576 నిలువు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున రెండు గంటలు. అన్నిటికన్నా పైన పెన్‌డ్రైవ్. నాలుగు తరాల్లో చుక్కలు ఎన్ని రెట్లు పెరిగాయంటే, వీసీడీ ఒక్క ఎకరమైతే 4కే ఎనభై రెండు ఎకరాలు. నీళ్ళు అన్ని రెట్లు పెరగలేదు. పెరగకుండానే పంట పండిందంటే ఆ ఘనత కొత్త కోడెక్‌లనే డ్రిప్పు సేద్యానిది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి డీవీడీ కాలం నాటి ఎంపెగ్-2 కంటే ఇంచుమించు సగం బిట్లతో అంతే నాణ్యత ఇచ్చింది. 2013లో వచ్చిన హెచ్.265 అందులోనూ సుమారు సగానికి దించింది.

డ్రిప్పు పైపులు అందరి పొలంలోనూ ఉండవు. హెచ్.265లో కట్టిన పెళ్ళి వీడియోను పాత టీవీకి పెడితే కొన్నిసార్లు మేళం వినపడుతుంది, బొమ్మ రాదు. ఫైలు పాడైందనుకుని స్టూడియోకు పరుగెత్తేవాళ్ళున్నారు. పెన్‌డ్రైవ్‌తో మరో పేచీ. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత అమరికలో వస్తాయి. అందులో ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో 64 జీబీ ఖాళీ ఉన్నా సరే, 8 మెగాబిట్లకు కట్టిన వీడియో గంటా పది నిమిషాలు దాటిందంటే ఎక్కదు. ఎడిటర్లు పెళ్ళిని భాగం ఒకటి, భాగం రెండు అని విడగొట్టి ఇవ్వడానికి చాలాసార్లు కారణం ఇదే.

అసలు షూటింగ్ రోజు సంగతి వేరే. నేటి పెళ్ళి కెమెరాలు చాలావరకు 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల దాకా రాస్తాయి. గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. రెండు కెమెరాలు, ఒక డ్రోన్ అంటే తెల్లారేసరికి హార్డ్‌డిస్క్ నిండుతుంది. ఎడిటింగ్‌కు అంత సరుకు కావాలి కూడా. రంగులు సరిచేయాలన్నా, దగ్గరికి లాగి చూపించాలన్నా ముందు అక్కడ వివరం ఉండాలి. తప్పు చివర్లో జరుగుతుంది. అంత సరుకు తెచ్చి, ఫైలు చిన్నదైతే చాలని ఎగుమతి దగ్గర 4కే అన్న పేరు ఉంచి బిట్‌రేట్ 8కి దించేస్తారు. ఇంకొందరు ఫుల్ హెచ్‌డీలో తీసినదాన్ని 4కేగా సాగదీసి ఇస్తారు. సాగదీస్తే చుక్కలు పెరుగుతాయి, లేని వివరం ఎక్కణ్ణుంచీ రాదు.

ఎదురు తప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. ఫోన్లో చూసుకునే పది నిమిషాల వీడియోకు కూడా 100 మెగాబిట్లు పెడతారు. పొలం తడిశాక పెట్టే నీళ్ళు మురుగు కాలువ పాలైనట్టు, ఒక హద్దు దాటాక పెంచిన బిట్లు కంటికి ఆనవు. ఆ ఫైలును 20 మెగాబిట్ల నెట్ మీద పంపాలంటే నిడివికి ఐదింతల సమయం పడుతుంది.

పెద్ద తెరకు మాత్రం ఈ పొదుపు పనికిరాదు. సినిమా హాలుకు వెళ్ళే డిజిటల్ ప్రింటులో 2కే అంటే 2048 అడ్డం, 1080 నిలువు. ఫోన్లోని ఫుల్ హెచ్‌డీకి ఇంచుమించు సమానం. అయినా హాలులో బొమ్మ ఎందుకంత నిండుగా ఉంటుంది? హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో వెలువరించిన నిబంధనల ప్రకారం ఆ ప్రింటు సెకనుకు 250 మెగాబిట్ల దాకా వెళ్ళవచ్చు. అందులో డిటోలు లేవు, ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది. రెండున్నర గంటల సినిమా 280 జీబీ దాకా పోవచ్చు. ఎకరాలు అవే, కాలువ వేరు.

కాలువ ఇరుకైనప్పుడు ఏం చేయాలో దేశమంతా ఒకసారి చూసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి అందరూ ఇళ్ళలో కూర్చోగానే నెట్‌వర్క్‌ల మీద ఒత్తిడి పెరిగింది. పెద్ద వీడియో సంస్థలన్నీ మాట్లాడుకుని మొబైల్ నెట్‌లో 480 నిలువు చుక్కలను మించకుండా కొన్నాళ్ళు పంపిణీ చేశాయి. ఆయకట్టు తగ్గించి, ఉన్న నీళ్ళు పొదుపుగా సర్దారు.

మండపంలో లైవ్ పెట్టేవాళ్ళకూ అదే మార్గం. ముహూర్తం వేళకు అయిదారు వందల మంది చేతుల్లో ఫోన్లు ఒకే టవరును పట్టుకుని ఉంటాయి. పైకి పంపే వేగం సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లకు మించి నిలకడగా దొరకదనుకుంటే, ఫుల్ హెచ్‌డీ మానేసి 720 నిలువు చుక్కలకు దిగడం మేలు. చుక్కలు సగానికన్నా తగ్గుతాయి, ఒక్కో చుక్కకు వాటా రెట్టింపు దాటుతుంది. మేనత్త ఆరంగుళాల ఫోన్లో ఆ తగ్గిన చుక్కలు తెలియనే తెలియవు, బియ్యం మాత్రం బియ్యంలా కనిపిస్తుంది. తలంబ్రాలప్పుడు వెనక మిణుకు దీపాలను అయిదు నిమిషాలు నిలకడగా వెలిగించి ఉంచితే కోడెక్‌కు ఇంకాస్త ఊపిరి ఆడుతుంది. ఇక స్టూడియోతో బేరం కుదిరేటప్పుడు "4కేలో తీస్తావా" అన్న ప్రశ్నకు మరో మూడు చేర్చుకోవాలి. చివరి ఫైలు బిట్‌రేట్ ఎంత? ఏ కోడెక్? మా టీవీలో ఆడుతుందా?

ఈ ప్రసంగం ఇరవై నిమిషాలనుకుంటే, దీని శబ్దాన్ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున దాచడానికి 9.6 మెగాబైట్లు పడుతుంది. ఇదే ఇరవై నిమిషాలు ఫుల్ హెచ్‌డీ తలంబ్రాలు పోస్తే 8 మెగాబిట్ల లెక్కన 1,200 మెగాబైట్లు. ధనంబోడు శిల్పి నాణేల చదరాలను ఒక్క పలకలోనే సర్దేశాడు.